శిలాక్షరం కన్నా గట్టిది

రాతి మీద చెక్కిన మాటంటే మనకు గురి. చెక్కారంటే నిజమేనని, ఇక దానికి తిరుగులేదని నమ్మేస్తాం. అమెరికాలో మాసచూసెట్స్ తీరాన ప్లిమత్ అనే పట్టణంలో బరియల్ హిల్ అని ఒక శ్మశానపు గుట్ట ఉంది. 19వ శతాబ్దంలో ఆ గుట్ట మీద జాన్ హౌలాండ్ పేరున ఆయన వారసులు భక్తిగా ఒక రాయి నిలబెట్టారు. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన తొలి వలసదారుల్లో ఆయన ఒకడు. ఆయన భార్య, తొలి గవర్నర్ జాన్ కార్వర్ ఇంటి ఆడపడుచని ఆ రాతి మీద చెక్కించారు. రాయి గట్టిదే, మాట మాత్రం వట్టిది. ఆ తప్పును దిద్దినవి ఎవరో ఎప్పుడో సిరాతో గీసిపెట్టిన నాలుగు పంక్తులు. ఒక వలసదారు వంశాన్ని వెనక్కి వెతుక్కుంటూ పోయే విద్యలో నన్ను అబ్బురపరిచేది ఇదే. శిలలు తడబడిన చోట చిత్తుపుస్తకాలు నిలబడతాయి.

హౌలాండ్ కథ నీళ్లలో మొదలవుతుంది. 1620 సెప్టెంబరు 6న ఇంగ్లండ్‌లోని ప్లిమత్ రేవు నుంచి మేఫ్లవర్ బయల్దేరినప్పుడు అందులో 102 మంది ప్రయాణికులు ఉన్నారు. నడిసంద్రంలో తుఫాను పట్టుకుంది. తెరచాపలు దించేసి, ఓడను అలలకు వదిలేసి, దేవుడిమీద భారం వేసి కూర్చున్నారు. లోపల ఊపిరాడలేదో ఏమో, ఈ పడుచువాడు పైకి వచ్చాడు. ఓడ ఒక్క ఊపు ఊగేసరికి సముద్రంలో పడ్డాడు. పై తెరచాపను ఎత్తి దించే మోకు ఒకటి ఓడ పక్కన నీళ్లలోకి జారి ఈడ్చుకుంటూ వస్తోంది. అది చేతికి తగిలింది. నిలువుల లోతుకు మునిగిపోయినా పట్టు వదల్లేదు. పైనున్నవాళ్లు మోకు లాగి, కొక్కెపు గెడతో ఒడిసిపట్టి ఓడలోకి ఈడ్చారు. కొన్నాళ్లు జబ్బుపడి లేచాడు. లేచినవాడు మరో అర్ధశతాబ్దం బతికాడు.

ఇదంతా మనకు తెలియడమే ఒక వింత. అప్పటికి హౌలాండ్ ఏమంత మనిషి? కార్వర్ దొర ఇంట నౌకరు. నౌకరు సముద్రంలో పడితే ఎవరు రాస్తారు? విలియం బ్రాడ్‌ఫర్డ్ రాశాడు. కార్వర్ పోయాక ఆ వలసకు గవర్నరై, ఏళ్ల తరబడి పాలించిన మనిషి. 1630లో మొదలుపెట్టి 1651 దాకా తన వలస చరిత్రను సొంత చేతిరాతతో రాసుకుంటూ పోయాడు. ‘ఆఫ్ ప్లిమత్ ప్లాంటేషన్’ అనే ఆ గ్రంథంలో దేవుడి దయ గురించి, అప్పుల గురించి, రాయబారాల గురించి రాస్తూ రాస్తూ, ఒక నౌకరు నీళ్లలో పడి బయటపడిన సంగతికీ చోటు పెట్టాడు. ఒడ్డు చేరాక, 1620 నవంబరు 11న 41 మంది మగవాళ్లు తమను తాము పాలించుకుంటామని ఒప్పందం రాసుకుని సంతకాలు పెట్టారు. అచ్చయిన జాబితాలో హౌలాండ్ పేరు పదమూడోది.

తర్వాత చలికాలం వచ్చింది. వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది వసంతం చూడలేదు. ఎలిజబెత్ టిల్లీ అనే పిల్లకు అప్పుడు పదమూడేళ్లు. తండ్రి జాన్, తల్లి జోన్, బాబాయి ఎడ్వర్డ్, పిన్ని యాన్ అందరూ ఆ చలికాలంలోనే పోయారు. తోబుట్టువులు సముద్రానికి అవతల. ఊరు కాని ఊరు, మంచు, పూర్తికాని ఇళ్లు. ఆ పిల్ల బతికింది. ఏ దినచర్యలోనూ ఆమె ఏడుపు లేదు, ఏ ఉత్తరంలోనూ ఆమె మాట లేదు. ఆమె మళ్లీ మన కంటపడేది పశువుల పంపకంలో.

1627 మే 22న ప్లిమత్ వాళ్లు ఉమ్మడి పశువులను పంచుకున్నారు. పొత్తులో ఉన్నంతకాలం పోషణ సరిగ్గా సాగలేదు. అందుకని ఊరందరినీ పన్నెండు భాగాలు చేశారు. భాగానికి పదమూడు మంది చొప్పున మొత్తం 156 పేర్లు. ఆడవాళ్లూ పసిపిల్లలూ కూడా తలకొక వాటాదారే. నాలుగో భాగం జాన్ హౌలాండ్‌ది. అతని పేరు వెంట భార్య ఎలిజబెత్, కొడుకు జాన్, కూతురు డిజైర్. వాళ్ల భాగానికి వచ్చింది జేకబ్ అనే ఓడలో దిగిన నాలుగు పెయ్యల్లో ఒకటి, పేరు రాగ్‌హార్న్. చూశారా ఆ రాసిన మనిషి శ్రద్ధ! పెయ్య పేరు కూడా వదల్లేదు. అతను తగువులు రాకుండా చూసుకున్నాడంతే. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి, ఏ బిడ్డ ఎప్పటికి పుట్టిందో, ఎవరికి ఎవరు ఏమవుతారో ఆ పంపకంలో వెతుక్కుంటారని అతనికేం తెలుసు? వంశాలు వెతికేవాళ్లకు ఆ రాగ్‌హార్న్ కామధేనువే అయింది. ఒక కుటుంబాన్ని కుటుంబంగా చూపించే సాక్ష్యం దాని తాడుకు కట్టి ఉంది.

తరాలు గడిచాయి. ఎలిజబెత్ ఇంటిపేరు జనం మరిచిపోయారు. హౌలాండ్ కార్వర్ ఇంట ఉన్నాడు కదా, ఆ ఇంటి పిల్లనే చేసుకుని ఉంటాడని ఎవరో అనుకున్నారు. అనుకున్నది వాడుకైంది, వాడుక నమ్మకమైంది, నమ్మకం రాతికెక్కింది. వారసులను తప్పుపట్టలేం. నౌకరు వంశం అనిపించుకోవడం కన్నా గవర్నర్ గారి కూతురి వంశం అనిపించుకోవడం ఎవరికి చేదు?

ఆ నమ్మకాన్ని సరిచేయగల రాతప్రతి అన్నాళ్లూ కనబడకుండా పోయింది. బ్రాడ్‌ఫర్డ్ చేతిరాత గ్రంథం ఆయన కుటుంబంలో కొన్ని తరాలు ఉండి, బోస్టన్‌లోని ఓల్డ్ సౌత్ చర్చి గ్రంథాలయానికి చేరింది. అమెరికా స్వాతంత్ర్య పోరాటపు గందరగోళంలో మాయమైంది. లండన్ బిషప్ గ్రంథాలయంలోని ఒక రాతప్రతి నుంచి తీసుకున్నామంటూ ఇంగ్లండ్‌లో అచ్చయిన ఒక చర్చి చరిత్ర కొన్ని మాటలు ఉటంకించింది. 1855లో ఆ మాటలు బోస్టన్ పరిశోధకుల కంట పడ్డాయి. ఈ గొంతు తమకు తెలిసిన గొంతే! ఆరా తీస్తే పోయిందనుకున్న గ్రంథం థేమ్స్ నది ఒడ్డున ఫుల్‌హామ్ ప్యాలెస్‌లో భద్రంగా ఉంది. 1856లో మొదటిసారి పూర్తిగా అచ్చయింది.

గ్రంథం చివర బ్రాడ్‌ఫర్డ్ ఒక జాబితా వేశాడు. ఓడలో ఎవరెవరు వచ్చారు, 1651 నాటికి ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, ఎవరి ఇల్లు ఎంత పెరిగింది అని ఇంటింటి లెక్క. ముసలితనంలో పాత తోటివాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకుంటూ రాసిన లెక్క అది. అందులో తేలింది ఏమంటే, హౌలాండ్ చేసుకున్నది జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌ను. ఇద్దరూ క్షేమం. పదిమంది పిల్లలు, పదిమందీ బతికే ఉన్నారు. పెద్ద కూతురికి అప్పటికే నలుగురు బిడ్డలు. చలికాలం తుడిచిపెట్టిన ఇంట్లో మిగిలిన ఒక్క పిల్ల, ఇప్పుడు పదిమంది తల్లి, మనవల అమ్మమ్మ. గవర్నర్ కూతురిని కోరుకున్న వారసులకు బ్రాడ్‌ఫర్డ్ అనాథ పిల్లను ఇచ్చాడు. ఇచ్చి, వాళ్ల వంశానికి ఎంత మర్యాద చేశాడు! హోదా ఎవరికైనా తగులుతుంది. అంత చావును దాటుకుని బతికిన ప్రాణం అందరి వంశంలో ఉంటుందా?

అయితే ఎలిజబెత్ టిల్లీ ఎక్కడి పిల్ల? ఇప్పుడు సముద్రం వెనక్కి దాటాలి. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇంగ్లండ్‌లో ప్రతి చర్చి తన పరిధిలో జరిగే బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు. 1598లో వాటిని కాగితం మీద కాక తోలుపత్రాల మీద రాయాలని, ఏటా నకలు బిషప్‌కు పంపాలని మరో ఉత్తర్వు. ఉత్తర్వులు ఇచ్చేవాళ్లు రాజధానిలో ఉంటారు. అమలు చేసింది పల్లెటూరి చర్చిలో చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా కలం పట్టిన మనిషి. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపిన సిరా అది. రాసినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. పెళ్లికూతురు ఆనందం రాయడు, తల్లి శోకం రాయడు. పేరు, తేదీ, ఎవరి బిడ్డ, అంతే. అయితేనేం, ఆ మూడు మాటలకు శతాబ్దాల ఆయుష్షు.

బెడ్‌ఫర్డ్‌షైర్‌లో హెన్లో అనే ఊరు ఉంది. ఆ ఊరి పుస్తకంలో 1596లో జాన్ టిల్లీ పెళ్లి నమోదైంది. 1607 ఆగస్టు 30న అతని బిడ్డ ఎలిజబెత్‌కు బాప్తిస్మం. ఐదుగురిలో ఆఖరి పిల్ల. ఓడలో వచ్చిన పిన్ని యాన్‌ది కూడా హెన్లోనే. ఆమె పుట్టింటివైపు చుట్టాల పిల్లలు హెన్రీ శాంసన్, హ్యుమిలిటీ కూపర్ కూడా ఆ ఓడలోనే ఉన్నారు. చుట్టరికాలన్నీ ఒకదానికొకటి ముడిపడి, ఒక పల్లె నుంచి ఒక కుటుంబం కదిలిపోయిన దృశ్యం కళ్లకు కట్టింది. ఇదంతా కూర్చి 1976లో ప్రచురించినవాడు రాబర్ట్ లీ వార్డ్ అనే పరిశోధకుడు. ఆ పిల్ల ఓడెక్కిన 356 ఏళ్లకు ఆమె పుట్టిల్లు తేలింది.

హెన్లో ఎలిజబెత్, ప్లిమత్ ఎలిజబెత్ ఒక్కరే అని నమ్మడం ఎలా? దానికి ఆమె వీలునామా ఉంది. భర్త పోయాక ఎలిజబెత్ స్వాన్సీ అనే ఊళ్లో కూతురు లిడియా దగ్గర ఉండేది. అక్కడే 1686 డిసెంబరు 17న వీలునామా రాయించింది. అందులో తన వయసు చెప్పుకుంది: డెబ్బై తొమ్మిది. 1607 ఆగస్టు నుంచి లెక్క కట్టి చూడండి. సరిగ్గా డెబ్బై తొమ్మిదే! నడుమ ఒక మహాసముద్రం, దాదాపు ఎనిమిది దశాబ్దాలు, ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు రాతగాళ్లు. ఇద్దరి లెక్కా ఒక్క ఏడు కూడా తేడా రాకుండా కలిసింది. కవులు కల్పించే సంయోగాలు దీనిముందు ఎంత?

హౌలాండ్ పుట్టింటి దారి ఇంత సాఫీగా దొరకలేదు. లండన్‌లో బట్టల వ్యాపారి అయిన ఆయన సోదరుడు హంఫ్రీ 1646 నాటి వీలునామాలో ఆర్థర్, జాన్, హెన్రీ అనే సోదరులను తలుచుకున్నాడు. ఆ ముగ్గురూ ప్లిమత్ వలసలో ఉన్నవాళ్లే. ఆ దారం పట్టుకుని పోతే హంటింగ్డన్‌షైర్‌లో ఫెన్‌స్టాంటన్ అనే ఊరు వచ్చింది. అక్కడి ఖననాల పట్టికలో 1629లో తల్లి మార్గరెట్, 1635లో తండ్రి హెన్రీ. కొడుకు సముద్రం దాటి నౌకరీ నుంచి పెద్దమనిషి తనానికి ఎదుగుతుంటే, అమ్మానాన్నలు అదే మట్టిలో కలిసిపోయారు. ఆయన వయసు మాత్రం ఇప్పటికీ తగువే. మరణం నాటి నమోదు ఎనభై దాటిన మనిషి అంటుంది. బ్రాడ్‌ఫర్డ్ ఓడనాటి హౌలాండ్‌ను పడుచువాడిగా చూపిస్తాడు. రెండూ నిజమైతే ఆయన అప్పటికి ముప్పైకి చేరువలో ఉండాలి. మరణించిన తేదీని 1672/73 ఫిబ్రవరి 23 అని రెండు సంవత్సరాలు కలిపి రాస్తారు. ఆనాటి ఇంగ్లిష్ లెక్కలో కొత్త సంవత్సరం మొదలయ్యేది మార్చి 25న, మన ఉగాది వచ్చే రోజుల్లో. ఫిబ్రవరి ఇంకా పాత ఏడాదే. ఇది తెలియనివాడు ఒక మనిషిని ఏడాది ముందే సమాధి చేస్తాడు.

ఈ వెతుకులాటలో కోర్టు పుస్తకాలంత రుచైనవి లేవు. ఆర్థర్ హౌలాండ్ కొడుకు, అతని పేరూ ఆర్థరే, అప్పటి గవర్నర్ థామస్ ప్రెన్స్ కూతురు ఎలిజబెత్ మీద మనసు పడ్డాడు. హౌలాండ్ అన్నదమ్ముల్లో ఇద్దరు క్వేకర్లు అనే మతశాఖతో చేరి జరిమానాలు కట్టినవాళ్లు. ప్రెన్స్‌కు క్వేకర్ల పేరెత్తితే మంట. తన అనుమతి లేకుండా పిల్ల మనసు దోచాడని కుర్రాడికి 1660ల మొదట్లో ఐదు పౌండ్ల జరిమానా పడింది. కట్టాడు, మానలేదు. 1667లో మళ్లీ కోర్టుకెక్కాడు. ఆ ఏడాది చివరికి పెళ్లి జరిగింది. గవర్నర్ ఇంటి ఆడపిల్ల హౌలాండ్ ఇంటికి కోడలుగా రానే వచ్చింది! వారసులు రాతి మీద చెక్కించుకున్న వైభవం పక్క కొమ్మకు నిజంగానే దక్కింది, జరిమానా రసీదుతో సహా.

ఈ సంబరంలో ఒక చోట ఆగి తీరాలి. ఓడవాళ్లు ప్లిమత్ అని పిలుచుకున్న చోటు అంతకుముందు పటక్సెట్ అనే వాంపనోగ్ ఊరు. 1616-19 నడుమ అంటురోగం ఆ ఊరిని తుడిచిపెట్టింది. ఆ ఊరివాడు టిస్క్వాంటంను 1614లో ఒక ఇంగ్లిష్ కెప్టెన్ ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మేశాడు. అతను ఎలాగో బయటపడి 1619లో తిరిగి వచ్చేసరికి పలకరించడానికి ఒక్క ప్రాణం లేదు. ఆ మనిషే వలసదారులకు మొక్కజొన్న సాగు నేర్పాడు. పటక్సెట్ పిల్లల పుట్టుకలు రాసిన పుస్తకం లేదు. హౌలాండ్ తరాలను లెక్కించే ప్రతి వేలూ ఆ ఖాళీని తాకాలి. అయితే వాంపనోగ్ జనం పోలేదు, మాసచూసెట్స్‌లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పూర్వులు 17, 18 శతాబ్దాల్లో తమ భాషలోనే దస్తావేజులు, వీలునామాలు రాసుకున్నారు. మాట్లాడేవాళ్లు లేక ఆగిపోయిన ఆ భాషను జెస్సీ లిటిల్ డో బేర్డ్ అనే వాంపనోగ్ మహిళ 1990ల నుంచి ఆ పత్రాల ఆధారంతోనే మళ్లీ పిల్లల నోట పలికించింది. కాగితం ఇక్కడా పని చేసింది. ఒక ఇంటికి పేర్లు తిరిగి ఇచ్చినట్టే ఒక జాతికి భాష తిరిగి ఇచ్చింది.

మళ్లీ ఎలిజబెత్ వీలునామా దగ్గరికి వస్తాను, ఎందుకంటే దాన్ని ఎంతసేపు చదివినా తనివి తీరదు. పెద్ద కొడుకు జాన్‌కు ఐదు పౌండ్లు, ఒక పుస్తకం. జోసెఫ్‌కు తూకం వేసే కోల. జేబెజ్‌కు ఈకల పరుపు, అది అప్పటికే అతని దగ్గరే ఉంది. తనను చూసుకున్న కూతురు లిడియాకు మంచి పరుపు, ఆకుపచ్చ కంబళి, చిన్న బీరువా, రెండింటిలో చిన్నదైన ఇత్తడి కాగు, చిన్న బైబిలు. మరో కూతురికి దుప్పట్లు, దిండు గలేబులు. పదమూడేళ్ల వయసులో తన అనే మనిషి ఒక్కరూ లేని పిల్ల, డెబ్బై తొమ్మిదేళ్లకు ఎవరినీ మరిచిపోకుండా గలేబుల దాకా పంచి ఇచ్చింది. ఆమె 1687 డిసెంబరులో కన్నుమూసింది. జేబెజ్ ఉన్న ఇల్లు ప్లిమత్‌లో శాండ్‌విచ్ వీధిలో ఇప్పటికీ నిలిచి ఉంది.

పదిమంది పిల్లలు, ఎనభైకి పైగా మనవలు. అక్కడి నుంచి ఆ వంశం మర్రి ఊడల్లా దిగింది. తత్వవేత్త ఎమర్సన్, మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లు, వెండితెర మీద హంఫ్రీ బోగార్ట్, అందరూ ఆ మోకు పట్టుకుని బయటపడినవాడి వారసులే. 1897 వాళ్లకు గొప్ప ఏడాది. బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతిని ఇంగ్లండ్ మాసచూసెట్స్‌కు తిరిగి ఇచ్చింది. మేఫ్లవర్ వారసుల సంఘం, హౌలాండ్ వారసుల సంఘం పుట్టాయి. బరియల్ హిల్ మీద కొత్త రాయి లేచింది, జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్ అనే మాటతో. ఆ సంఘాల్లో చేరాలంటే ఇంట్లో చెప్పుకునే కథ చాలదు. ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితం మీద చూపించాలి. ఒక్క తరం జారినా గొలుసు తెగినట్టే. అధ్యక్షుడి ఇంటివాళ్లయినా అడ్డదారి లేదు. ఏదో ఊరి గుమస్తా రాసిన పంక్తి ముందు అందరూ తలవంచాల్సిందే.

మేఫ్లవర్‌కు విగ్రహాలు వెలిశాయి, పండగలు వచ్చాయి, నాణేలు అచ్చయ్యాయి. హెన్లోలో కలం పట్టిన మనిషికి ఏమీ లేదు. 1607 ఆగస్టు 30న అతనికి అది మామూలు రోజు. ఇంకో బిడ్డ, ఇంకో పంక్తి. తనకు తెలియని సముద్రాల అవతల లక్షల మంది ఆ పంక్తికి వేలాడతారని అతను కలలో కూడా అనుకోలేదు. అనుకోకుండానే సరిగ్గా రాశాడు. ఎవరూ చూడకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా పేరు తప్పు పోకుండా, తేదీ జారకుండా రాసి పుస్తకం మూసి ఇంటికి వెళ్లిన అలాంటి ప్రతి గుమస్తాకూ దండం పెట్టాలి. చరిత్ర గొప్పవాళ్లను గుర్తుపెట్టుకుంటుంది. నౌకర్లకూ అనాథలకూ ఈ లోకంలో పేరు మిగిల్చింది ఆ గుమస్తాలే.